జీపీఏ ఒక్కటే చాలదమ్మా

మీరు, మీ ఆయన రెండు నెలల్లో కువైట్ వెళ్తున్నారు, పిల్లలిద్దరూ తిరుపతిలో మీ అమ్మగారి దగ్గర ఉంటారు, ఆమె పేరిట జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పనులు చేసే అధికారపత్రం) రాసిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదమ్మా. మా అక్కాబావా కూడా కువైట్‌లోనే ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇక్కడ కొర్లగుంటలో మా అమ్మ దగ్గర, నా దగ్గర పెరుగుతున్నారు. ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్లకు ఏ కాగితం ఎప్పుడు అవసరపడుతుందో ఆ అనుభవంతో చెబుతున్నాను.

జీపీఏ ఆస్తి పనులకు, ఆఫీసు పనులకు. పిల్లల మీద గార్డియన్ హక్కు దాంతో రాదు. ఇంకో మాట చెప్పడానికి మనసొప్పదు గానీ చెప్పాలి. రాసిచ్చిన మనిషి పోతే ఆ రోజుతోనే జీపీఏ చెల్లకుండా పోతుంది. అలాంటి రోజు కోసం రాయాల్సింది వీలునామా. మీరు హిందువులైతే 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం పిల్లలకు గార్డియన్ ఎవరో వీలునామాలోనే రాయవచ్చు. మీ ఆయన ఒక్కరే రాస్తే, మీరు ఉన్నంతకాలం అది అమల్లోకి రాదు. ఆ తర్వాత కూడా మీ వీలునామాలో వేరే పేరుంటే ఆ పేరే నిలుస్తుంది. అందుకే ఇద్దరూ విడివిడిగా రాయండి, కానీ గార్డియన్‌గా రెండింటిలోనూ ఒకే మనిషి పేరు రాయండి. అమ్మగారి వయసు చూసుకుని, ఆమె తర్వాత ఎవరన్నది కూడా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా మావాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించారు, రేపు బంధువులెవరూ వంక పెట్టకుండా.

మీరిద్దరూ చల్లగా ఉన్నన్నాళ్లు గార్డియన్లు మీరే. అమ్మగారికి కావాల్సింది మీ తరఫున సంతకం పెట్టే అధికారం. ఒకరాత్రి మా మేనల్లుడికి జ్వరం ఎక్కువై ఆసుపత్రికి తీసుకెళ్లాను. అడ్మిషన్ ఫారంలో ‘పేషెంటుకు ఏమవుతారు’ అన్నచోట మేనమామ అని రాశాను. కౌంటర్లో ఆమె తలెత్తి, అమ్మానాన్నలు ఎక్కడ అని అడిగింది. అక్కాబావా ఇద్దరూ సంతకం పెట్టి నోటరీ చేయించిన లెటర్, వాళ్ల పాస్‌పోర్టు జిరాక్సులు, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, ఆధార్ అన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి. తీసి ఇచ్చాను, ఇంకో ప్రశ్న లేకుండా బెడ్ ఇచ్చారు. ఆ లెటర్లో వైద్యం, స్కూలు, ప్రయాణం మూడూ పేరుపేరునా రాయించండి. రెండు ఒరిజినల్స్ చేయించండి, ఒకటి ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి.

డబ్బు సంగతి కొంచెం సులువే. ఎన్నారై అయ్యాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్నారైలకు ఇక్కడి రాబడి కోసం ఉండే ఖాతా) మార్పించుకోవాలి, మామూలు ఖాతాగా వదిలేయకూడదు. కువైట్ జీతానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి, దాని వడ్డీ మీద మన దేశంలో పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద మాత్రం 30 శాతానికి పైనే టీడీఎస్ (బ్యాంకే ముందుగా పట్టుకునే పన్ను) కోస్తారు, కాబట్టి అద్దెలు, పంట డబ్బుల వరకే దాన్ని వాడుకోండి. నెల ఖర్చులు నేరుగా అమ్మ ఖాతాకే పంపండి. పిల్లలు తల్లికి పంపే డబ్బు మీద ఆమె పన్ను కట్టక్కర్లేదు. చాలామంది ఏటీఎం కార్డు, పిన్ ఇంట్లో ఇచ్చి వెళ్తారు, దయచేసి ఆ పని చేయకండి. బ్యాంకులో మాండేట్ (మీ ఖాతా నడిపే అధికారం ఆమెకిచ్చే కాగితం) ఇస్తే అమ్మగారే తన సంతకంతో ఇక్కడి చెల్లింపులు చేయగలరు. నామినీలు ఎవరో కూడా చూసుకోండి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా పెట్టుకోవచ్చు. అయితే నామినీ డబ్బు అందుకునే మనిషే, అది చివరికి ఎవరిదన్నది వీలునామా తేలుస్తుంది.

మామిడి తోట ఉంటే అమ్మేయాల్సిన పనిలేదు. ఉన్న పొలాన్ని ఎన్నారైలు ఉంచుకోవచ్చు, కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికే వీల్లేదు. తోట కోసం రాసే జీపీఏలో కాపు గుత్తకివ్వడం, పన్నులు కట్టడం లాంటివి మాత్రమే రాయించండి, అమ్మే అధికారం వద్దు. అన్నీ వెళ్లే ముందే ఇక్కడ పూర్తి చేసుకోండి. జీపీఏ అక్కడి నుంచి పంపాలంటే ఇండియన్ ఎంబసీలో అటెస్ట్ చేయించాలి, అది ఇక్కడికి చేరాక 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. మాండేట్ మీద అమ్మగారి సంతకం కూడా కావాలి కాబట్టి, బ్యాంకుకు వెళ్లే రోజు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి.