దోమల చదువంటే మందు కొట్టడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బీజెడ్‌సీ రెండో ఏడాది చదువుతోంది. దోమల నియంత్రణ రంగంలోకి వెళ్తానంటోంది. ఇంత చదివి మందు కొట్టిస్తూ తిరగడమేనా? ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మందు కొట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. ఏ మందు, ఎక్కడ, ఎప్పుడు, అసలు కొట్టాలా వద్దా అని తేల్చడానికే ఎంటమాలజిస్టు (కీటకశాస్త్ర నిపుణుడు) కావాలి. డెంగీ కేసు రాగానే వీధంతా పొగ పెట్టమని ఒత్తిడి వస్తుంది. పొగకు చచ్చేది అప్పుడు ఎగురుతున్న దోమే. డ్రమ్ములోని లార్వాకు ఏమీ కాదు, వారం పది రోజుల్లో మళ్లీ దోమలు తయారు.

పని ఎక్కువగా టార్చి, 350 మి.లీ. డిప్పర్ (నీళ్లు ముంచి చూసే గరిటె) పట్టుకుని ఇల్లిల్లూ తిరగడమే. లార్వా నీటి మీద అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్, అంటే మలేరియా దోమ. తలకిందులుగా వేలాడుతూ, శ్వాసగొట్టం సన్నగా పొడవుగా ఉంటే క్యూలెక్స్, పొట్టిగా లావుగా ఉంటే ఏడిస్, అంటే డెంగీ దోమ. 100 ఇళ్లు చూస్తే 8 ఇళ్లలో, మొత్తం 14 పాత్రల్లో ఏడిస్ లార్వా దొరికిందనుకోండి. హౌస్ ఇండెక్స్ (లార్వా ఉన్న ఇళ్ల శాతం) 8, బ్రెటో ఇండెక్స్ (వంద ఇళ్లకు లార్వా ఉన్న పాత్రల సంఖ్య) 14. సిబ్బందిని ముందు ఏ వీధికి పంపాలో ఈ అంకెలే చెబుతాయి.

లార్వాను చంపే టెమిఫాస్ 50 ఈసీ మందును 10 లీటర్ల నీటికి 2.5 మి.లీ. కలపడం ఎవరైనా నేర్చుకుంటారు. కానీ డ్రమ్ము ఒంపేసి లోపల రుద్దకుండా మళ్లీ నింపితే లాభం లేదు. గోడకు అంటుకున్న ఏడిస్ గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. ఏజెన్సీ గ్రామాల్లో ఇంకో తంటా: మలేరియాకు గోడలకు మందు కొట్టి వచ్చాక, పండగకని సున్నం వేసేస్తారు. మందంతా వృథా. అందుకే స్ప్రే తేదీ వేసే ముందు ఊళ్లో పండగ ఎప్పుడో కనుక్కోవాలి.

చదువు విషయానికొస్తే, పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఉంది. ఈ రంగానికి సూటి దారి అదే. అర్హత మార్కులు, తేదీలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. కార్పొరేషన్ల ఎంటమాలజీ విభాగాల్లో, జిల్లా మలేరియా కార్యాలయాల్లో రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్లు అరుదు. మొదట్లో పరిశోధన ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు కొలువులే ఎక్కువ. ప్రైవేటులో పెస్ట్ కంట్రోల్ ఉంది. దాని లైసెన్సుకు వ్యవసాయ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ గానీ ఉండాలి, గుర్తింపు పొందిన సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణా కావాలి. కాబట్టి మూడో ఏడాదిలో సబ్జెక్టులు మార్చుకునే వీలున్నా కెమిస్ట్రీని వదలనివ్వొద్దు.

ఆడపిల్ల ఇల్లిల్లూ తిరగడమేమిటని సంకోచిస్తున్నారేమో. వంటింటి తొట్టి, ఫ్రిజ్ వెనక ట్రే చూడాలంటే ఇంట్లోకి మగవాళ్లకంటే ఆడవాళ్లనే తొందరగా రానిస్తారు.

ఈ వానాకాలమే మీ వీధిలో లార్వాలు పట్టి, సేకరించిన చోటు, తేదీ రాసిన సీసాల్లో 70 శాతం ఆల్కహాల్‌లో భద్రపరచమనండి. కాలేజీ మైక్రోస్కోపు కింద 50 లార్వాలు తప్పులేకుండా గుర్తుపట్టాక కూడా ఇష్టం తగ్గకపోతే, నిశ్చింతగా దరఖాస్తు చేయించండి.