12 అంగుళాల వేఫర్ అంటే 300 మిల్లీమీటర్లే, 304.8 కాదు

మీ ప్రశ్న: చిప్‌లో అంతా నానోమీటర్లే కదా, మరి వేఫర్‌ని (చిప్‌లు తయారుచేసే పలుచటి సిలికాన్ బిళ్ల) అంగుళాల్లో ఎందుకంటారు, డిజైన్‌కి ఏది పట్టుకోవాలి?

మిల్లీమీటర్లే పట్టుకోండి. వేఫర్‌కి అంగుళం అనేది పాత పిలుపు. 2, 3 అంగుళాల వేఫర్లు మాత్రం నిజంగా అంగుళాల లెక్కే: 50.8, 76.2 మి.మీ. 4, 6, 8, 12 అంగుళాలవి గుండ్రటి మెట్రిక్ అంకెలు: 100, 150, 200, 300. 12 అంగుళాలంటే 304.8 అని కొట్టారంటే వైశాల్యం 3.2 శాతం ఎక్కువొస్తుంది, చిప్‌ల లెక్క కూడా దాంతోపాటే పెరిగిపోతుంది.

అసలు దెబ్బ తగిలేది ప్యాకేజీ (చిప్ మీద ఉండే తొడుగు) పిన్‌ల దగ్గర. రెండు వరసల పిన్‌లుండే పాత డిప్ ఐసీల పిచ్ (ఒక పిన్ మధ్య నుంచి పక్క పిన్ మధ్యకి దూరం) 2.54 మి.మీ., అంటే సరిగ్గా 100 మిల్‌లు (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటర్ కాదు). నాలుగు వైపులా పిన్‌లుండే 144 పిన్‌ల క్యూఎఫ్‌పీల్లో చాలావాటి పిచ్ 0.5 మి.మీ. దాన్ని "దగ్గర్లోదే కదా" అని 20 మిల్‌లు పెడితే 0.508 అవుతుంది. పిన్‌కి 0.008 తేడా ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఒక వైపు 36 పిన్‌లు, మధ్యలో 35 ఖాళీలు: మొదటి పిన్ కలిపి పెడితే చివరిది 0.28 మి.మీ. పక్కకి పోయి రెండు పాడ్‌ల (బోర్డు మీద పిన్‌లు అతికే లోహపు మచ్చలు) మధ్య కూర్చుంటుంది. మధ్యకి సర్దితే అటూ ఇటూ 0.14. కంటికి బాగానే ఉంటుంది, రీఫ్లోలో (బోర్డుని వేడిచేసి సోల్డర్ కరిగించే దశ) మూలల దగ్గర పక్కపక్క పిన్‌లు సోల్డర్‌తో కలిసిపోతాయి.

డేటాషీట్ లేకపోతే కాలిపర్‌తో మొదటి పిన్ ఎడమ అంచు నుంచి చివరి పిన్ ఎడమ అంచు వరకు కొలవండి, అప్పుడు పిన్ వెడల్పు లెక్కలోకి రాదు. 35తో భాగించండి. ఫుట్‌ప్రింట్‌ని (బోర్డు మీద ఆ చిప్ పాడ్‌ల అమరిక) అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, చిప్ పెట్టి నాలుగు మూలలూ చూడండి. ఒక్క మూల చూస్తే చాలదు.

రెసిస్టర్ ఆర్డర్‌లో ఉత్త "0603" రాయకండి. అంగుళాల కోడ్‌లో అది 1.6 × 0.8 మి.మీ., మెట్రిక్ కోడ్‌లో 0.6 × 0.3. కొలతే రాసేయండి.

ఇక ఫ్యాబ్‌లో (చిప్‌ల ఫ్యాక్టరీ) గ్యాస్ లైన్లు. పావు అంగుళం ట్యూబ్ 6.35 మి.మీ. అక్కడికి 6 మి.మీ. ట్యూబ్ వచ్చిందంటే చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు, ఫిట్టింగ్‌లోకి సులువుగా దూరుతుంది కూడా. ఫెరూల్ (ట్యూబ్‌ని కరిచి పట్టుకునే రింగు) మాత్రం సరిగ్గా కరవదు, లీకవుతుంది. సైలేన్ లాంటి గ్యాస్ గాలి తగిలితే దానంతట అదే అంటుకుంటుంది. ట్యూబ్ బయటి వ్యాసం కొలవకుండా నట్ బిగించకండి.