వైల్డ్‌క్యాట్ కేసులు మలచబోయే చిరంజీవికి

చిరంజీవికి శుభాశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. .30-06 అనే రైఫిల్ తూటా కేసును, అంటే తుపాకిమందు నింపే ఇత్తడి గొట్టాన్ని కురచ చేసి, భుజాన్ని (ఒడలు మెడగా సన్నబడే వాలును) వెనక్కు నెట్టి, బుల్లెట్‌ను పట్టి ఉంచే మెడను సన్నబరచి, ఏ కర్మాగారమూ తయారు చేయని ఒక కార్ట్రిడ్జ్‌ను, అంటే వైల్డ్‌క్యాట్‌ను, నీ రైఫిల్‌కు అమర్చుకోవాలని ఉందన్నావు. వద్దని చెప్పను. ఆ మూడు మార్పులనూ మొదటి ప్రయత్నంలోనే తలపెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఈ దారిలో కాలానికి నిలిచినవాటిని ఒకసారి గమనించు. .250 సావేజ్ కేసు నుంచి పుట్టిన .22-250ను అమెరికా తుపాకుల సంస్థ రెమింగ్టన్ 1965లోనూ, .30-06 మెడను తగ్గించగా వచ్చిన .25-06ను 1969లోనూ తన సరుకులో చేర్చుకుంది. అదే .30-06 మెడను వెడల్పు చేసిన .35 వెలెన్ 1922 నుంచి గన్‌స్మిత్‌ల చేతుల మీదుగానే బతికి, 1980ల చివరలో గానీ కర్మాగారానికి చేరలేదు. వీటిలో ప్రధానమైన మార్పు మెడ దగ్గరే జరిగింది, మూల కేసు కావలసినంత దొరికేది. నీవు గీసి పంపిన బొమ్మ అందంగానే ఉంది కాని, దాన్ని సాధించడానికి వరుసగా పలు డైలు (కేసును నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు మూసలు), ప్రతి కేసుకూ మెడ గోడను చెక్కి పలచబరచడం అవసరమవుతాయి. ముందు మెడ ఒక్కటే మారే కార్ట్రిడ్జ్‌ను ఎంచుకో.

కేసు లోహంలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు ఉంటాయి. కంచరి సుత్తి కింద పాత్ర బిరుసెక్కినట్లే, డైలోకి వెళ్లిన ప్రతిసారీ ఈ ఇత్తడి గట్టిపడి, చివరకు మెడ దగ్గర చీలుతుంది. అందుకే మెడనూ భుజాన్నీ కాచి మెత్తబరచాలి. ఆ వేడి అడుగుభాగానికి పాకనే కూడదు; .30-06లో చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా వెళ్లే పీడనాన్ని ఆ అడుగు గట్టిదనమే ఆపుతుంది. అది ఒకసారి మెత్తబడిందా, మళ్లీ కాచి గట్టిపరచే ఉపాయం ఇత్తడికి లేదు, ఆ కేసును నలగ్గొట్టి పారవేయవలసిందే. నీళ్లలో ముంచడం వేడి కిందికి దిగకుండా ఆపడానికే తప్ప, ఉక్కుకు పదును పెట్టినట్లు పనిచేయదు. ఎరుపు రంగును కంటితో అంచనా వేయడం గది వెలుతురును బట్టి మోసం చేస్తుంది కనుక, ఉష్ణోగ్రతను చూపే పూతను భుజం కింద రాసి చూసుకోవడం మేలు.

కాచకుండా వదిలిన కేసు ఇంకొక విధంగానూ పగ తీర్చుకుంటుంది. బ్రిటిష్ వారి కాలంలో భారతదేశంలో వానకాలమంతా గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల కేసులు ఎవరూ ముట్టకుండానే పగిలిపోయేవి. లోహంలో మిగిలిన ఒత్తిడి, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా కలిసి ఆ పని చేశాయని తేలింది. అమోనియా ఉన్న మెరుగుద్రావణాలతో కేసులు తోమవద్దనడానికి కారణం ఇదే.

మెడను తగ్గించినప్పుడు గోడ మందమవుతుంది. కేసును కురచ చేసి మలిస్తే, ఒకప్పుడు మందపాటి ఒడలైన లోహమే మెడగా మారుతుంది కనుక మరీ మందమవుతుంది. ఆ మెడకు చాంబర్‌లో, అంటే నాళంలో తూటా కూర్చునే గదిలో, వ్యాకోచించే చోటు లేకపోతే బుల్లెట్‌ను వదలలేదు, పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. బుల్లెట్ అమర్చిన మెడ బయటి వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, చాంబర్ అచ్చు కొలతతో పోల్చి చూడనిదే ఒక్క తూటా కూడా పేల్చవద్దు.

డైలో పూసే నూనె విషయంలో పొదుపు నేర్చుకో: ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి, తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది.

హెడ్‌స్పేస్, అంటే చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టుకూ, కేసు చాంబర్‌లో ఆనే చోటుకూ మధ్య దూరం గురించి ఎంత చెప్పినా తక్కువే. అంచు లేని ఈ కేసులు భుజం మీదనే ఆనుతాయి. భుజాన్ని అవసరానికి మించి వెనక్కు నెడితే, పేల్చినప్పుడు కేసు వెనక్కు సాగి, అడుగుకు కాస్త పైన లోపల పలచబడుతుంది. బోల్టు మూసేటప్పుడు స్వల్పమైన బిగువు చేతికి తెలిసే చోట డైని ఆపు. గన్‌స్మిత్ అక్లీ పేరుతో ఉన్న పద్ధతి కార్ట్రిడ్జ్‌లలో చాంబర్‌ను మూల కొలత కన్నా కాస్త పొట్టిగా తీసేది ఆ బిగువు కోసమే. పేలిన కేసుల్లో కొస వంచిన సన్నని తీగతో లోపలి గోడను తడిమి చూడు. గాడి తగిలితే దాన్ని మళ్లీ వాడకూడదు.

మందు మోతాదు అడిగావు. ఇవ్వను. నీ కేసు లోపలి ఘనపరిమాణం మూల కేసుది కాదు, సైనిక కేసుల గోడలు మందమైతే అది ఇంకా తగ్గుతుంది, కాబట్టి మూల కార్ట్రిడ్జ్ పట్టిక నీకు చెల్లదు. అదే చాంబర్ తీసిన గన్‌స్మిత్ సమక్షంలో, పీడనం కొలిచే సాధనంతో ఆ పని చేయించుకో. నీవున్న చోట తూటాల తయారీకి ఏ అనుమతి కావాలో అంతకన్నా ముందే తెలుసుకో.

కేసు అడుగున మూల కార్ట్రిడ్జ్ పేరే ముద్రించి ఉంటుంది, అందువల్ల చూసినవారెవరైనా పొరబడతారు. అసలు పేరును నాళం మీద చెక్కించు, ప్రతి పెట్టె మీదా రాయి. ఎప్పుడైనా రైఫిల్‌ను మరొకరికి అప్పగిస్తే డైలు, చాంబర్ అచ్చు, మందు లేని నమూనా తూటా, కొలతల కాగితం కూడా దానితోపాటే ఇవ్వు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి