ఏ పనికి ఏ గ్లౌజు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బరువు పనులు చేసేవారి చేతుల రక్షణ గురించి ప్రకాశం, నెల్లూరు జిల్లాల నుండి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఆయన చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీలో పన్నెండేళ్లుగా జాక్‌హేమర్ పని చేస్తున్నారు. కాంట్రాక్టరు నెలకు ఒక జత నూలు గ్లౌజులు ఇస్తారు. అవి వారం తిరగకముందే చిరిగిపోతాయి. ఏడాదిగా రాత్రిపూట ఆయన వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర పట్టడం లేదు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా తడబడుతున్నారు. అదురును తగ్గించే ప్రత్యేక గ్లౌజులు వేసుకుంటే తిమ్మిరి పోతుందని ఒంగోలులో ఒక దుకాణదారు చెప్పారు. అప్పు చేసైనా కొనమంటారా?
– ఒక గృహిణి, చీమకుర్తి

జవాబు: అమ్మా, ఆ గ్లౌజుల కోసం అప్పు చేయకండి. ఆ డబ్బుతో ముందు ఆయనను నరాల వైద్యునికి చూపించండి. ఏ పని చేస్తారో, రోజుకు ఎన్ని గంటలు మిషను పట్టుకుంటారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో వైద్యునికి విడమరిచి చెప్పండి. ఆ వివరాలు తెలియకపోతే దీనిని మామూలు తిమ్మిరిగా భావించి మాత్రలు రాసి పంపే ప్రమాదం ఉంది.

ఇది కొత్తగా బయటపడిన జబ్బు కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, బెడ్‌ఫోర్డ్ సున్నపురాయి క్వారీల్లో గాలి సుత్తులతో పనిచేసేవారి చేతులను ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు 1918లోనే పరీక్షించి, వారి వేళ్లు తెల్లబారి మొద్దుబారడానికి ఆ పనిముట్టే కారణమని తేల్చారు. వేళ్లు తెల్లబారడం చలికి బయటపడే లక్షణం కాబట్టి, మన ప్రాంతపు ఎండల్లో అది అంతగా కనిపించదు. మనవారిలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండడం, పట్టు సడలడం ముందుగా వస్తాయి. వేళ్లు తెల్లబారలేదు కాబట్టి ఇది అదురు వల్ల వచ్చింది కాదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇక ఆ గ్లౌజుల సంగతి. వాటిని ఐఎస్ఓ 10819 అనే ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. సెకనుకు 200 సార్లకు మించిన వేగవంతమైన అదురులో కనీసం 40 శాతాన్ని అవి తగ్గించాలి, కానీ 25 నుండి 200 వరకు ఉన్న అదురులో 10 శాతం తగ్గిస్తే చాలు. రాతికి బెజ్జాలు వేసే జాక్‌హేమర్ నిమిషానికి సుమారు 2000 దెబ్బలు కొడుతుంది, అంటే సెకనుకు ముప్ఫై పైచిలుకు. కాబట్టి దాని అసలు ధాటి ఈ గ్లౌజుల మెత్త పెద్దగా పనిచేయని చోటే ఉంది. పైగా అరచేతిలో మెత్త మందంగా ఉంటే పిడి సరిగా అందక మనిషి ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంటాడు, పట్టు బిగిసిన కొద్దీ అదురు చేతిలోకి మరింతగా ఎక్కుతుంది.

తగ్గించవలసింది మిషను పట్టుకునే సమయాన్ని. ఐరోపా దేశాలు 2002లో చేసిన నిబంధన ప్రకారం, ఎనిమిది గంటల పనిదినానికి సగటున అదురు తీవ్రత (సెకనుకు సెకనుకు మీటర్ల లెక్కన) 2.5 దాటితే యజమాని దానిని తగ్గించే చర్యలు మొదలుపెట్టాలి, 5 దాటనివ్వకూడదు. తీవ్రత 10 ఉన్న మిషను పట్టుకుంటే ఆ మొదటి హద్దు అరగంటకే, రెండవది రెండు గంటలకే వచ్చేస్తుంది. కాబట్టి ఒకే మనిషి రోజంతా కొట్టకుండా ఇద్దరు ముగ్గురు వంతులవారీగా పట్టుకునే ఏర్పాటు చేయాలని మేస్త్రీని అడగమనండి. బిట్టు మొద్దుబారగానే మార్చాలి, ఎందుకంటే మొద్దు బిట్టు రాతిని తొలవకుండా చేతినే కుదిపేస్తుంది. మిషను బరువును రాతి మీదే వదిలి, అదుపు తప్పకుండా పట్టుకుంటే చాలు, ఒంటి బలంతో అదమకూడదు. బీడీ తాగే అలవాటు ఉంటే మానిపించండి. పొగాకు వేళ్లలోని సన్నని రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది.

అలాగని గ్లౌజులే అక్కరలేదని కాదు. రాతి చిప్పలు, మిషను నుండి వచ్చే చల్లని గాలి తగలకుండా ఉండడానికి అవి తప్పనిసరి. నూలు గ్లౌజు మాత్రం అక్కడ నిలవదు, తడిసి రాతి బురద పట్టిందంటే అదే చర్మాన్ని గరుకు కాగితంలా గీకేస్తుంది. అరచేతి వైపు తోలు ఉండి, మణికట్టు దగ్గర బిగుతుగా ఉన్న పలుచని గ్లౌజు అడగండి. దాని ఖర్చు మీది కాదు. పనిచోట భద్రత కోసం పెట్టే ఖర్చును కార్మికుని నుండి వసూలు చేయరాదని వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 చెబుతోంది.

ప్రశ్న: నేను ఒంగోలు దగ్గర గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పని చేస్తాను. షెడ్డులో అడుగుపెట్టిన దగ్గర నుండి గ్లౌజులు తీయకూడదని మా సూపర్‌వైజరు నియమం పెట్టారు. డ్రిల్లింగ్ మిషను దగ్గర గ్లౌజులు వేసుకోకూడదని నా స్నేహితుడు అంటాడు. ఎవరి మాట వినాలి?
– ఒక కార్మికుడు, గుండ్లాపల్లి

జవాబు: తమ్ముడూ, ఈ విషయంలో నీ స్నేహితుడు చెప్పినదే సరైనది. స్టాండు మీద తిరిగే డ్రిల్లు, లేతు, బెంచి గ్రైండరు, బెల్టు కన్వేయరు రోలర్లు, పాలిషింగ్ లైనులో తిరిగే తలలు – ఇలా గుండ్రంగా తిరిగే భాగం దేని దగ్గరా గ్లౌజుతో చేయి పెట్టకూడదు. తిరుగుతున్న బిట్టుకు వట్టి చేయి తగిలితే చర్మం తెగుతుంది, మనిషి చేయి వెనక్కు లాక్కోగలడు. గ్లౌజు పోగు ఒక్కటి చుట్టుకుంటే మొత్తం చేతినే లోపలికి లాగుతుంది. నిమిషానికి 600 చుట్లు తిరిగే డ్రిల్లు సెకనుకు 10 చుట్లు తిరుగుతుంది. మనిషి తేరుకుని చేయి లాగడానికి సెకనులో అయిదో వంతు పడుతుందనుకున్నా, ఆలోగా గ్లౌజు రెండు చుట్లు చుట్టుకుని ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక కర్మాగారంలో నేను ఇది కళ్లారా చూశాను. ఇరవై రెండేళ్ల కుర్రవాడు, పనిలో నెమ్మదస్తుడు, నూలు గ్లౌజుతో ఇనుప పట్టీకి బెజ్జం వేస్తూ, పేరుకున్న రజనును వేళ్లతో తుడవబోయి కుడి బొటనవేలిని పూర్తిగా పోగొట్టుకున్నాడు. ఆ షెడ్డులోనూ గ్లౌజులు తీయకూడదన్న బోర్డు ఉండేది, అతడు ఆ నియమాన్ని పాటించినందుకే వేలు పోయింది. బొటనవేలు పోతే సంపాదనా శక్తిలో 30 శాతం పోయినట్లు 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం లెక్కకట్టేది. కుడిచేతి వాటం పనివాడికి ఆ లెక్క చాలదని ఆ తరువాత అతడిని చూసినప్పుడల్లా నాకు అనిపించేది.

కాబట్టి మీ సూపర్‌వైజరుకు చెప్పవలసినది ఇది: నియమం షెడ్డుకు కాదు, పనికి పెట్టాలి. కోసిన స్లాబులను ఎత్తేటప్పుడు, పేర్చేటప్పుడు గ్లౌజు తప్పనిసరి, ఎందుకంటే రంపం వదిలిన అంచు కత్తిలా ఉంటుంది, పైగా రాయి తడిగా ఉంటుంది. అక్కడ కోతను తట్టుకునే అల్లిక మీద ముడతలు తేలిన రబ్బరు పూత ఉన్నవి తడి రాతి మీద జారవు. చేతిలో పట్టుకునే గ్రైండరుకు ఒంటికి అతుక్కున్నట్లుండే, పోగులు వేలాడని తోలు గ్లౌజు వాడవచ్చు, గార్డు తీసేసిన గ్రైండరును మాత్రం ఏ గ్లౌజుతోనూ ముట్టవద్దు. డ్రిల్లు దగ్గర వస్తువును వైసులో బిగించి, రజనును బ్రష్షుతో, అదీ మిషను ఆపిన తరువాతే తుడవాలి.

ప్రశ్న: కృష్ణపట్నం పోర్టులో సరుకు ఎత్తే ముఠాలో ఉన్నాను. మాకు కొత్తగా ఇచ్చిన గ్లౌజుల మీద సుత్తి బొమ్మ, దాని కింద ‘4ఎక్స్43డి’ అని ఉంది. అంటే ఏమిటి? ఇనుప తాడు పోగులు వీటిలో నుండి కూడా గుచ్చుకుంటున్నాయి. నకిలీవా?
– ఒక పాఠకుడు, ముత్తుకూరు

జవాబు: గుచ్చుకున్నంత మాత్రాన నకిలీ అనలేము. అది ఈఎన్ 388 అనే ఐరోపా ప్రమాణపు గుర్తు. వరుసగా రాపిడి, కోత, చిరుగు, గుచ్చుడు – ఈ నాలుగింటిని గ్లౌజు ఎంత తట్టుకుంటుందో మొదటి నాలుగు స్థానాలు చెబుతాయి. ఎక్స్ ఉంటే ఆ పరీక్ష చేయలేదని అర్థం. చివరి అక్షరం 2016లో చేర్చిన మరో కోత పరీక్ష ఫలితం. అది ఏ నుండి ఎఫ్ వరకు ఉంటుంది, డి అంటే 15 న్యూటన్ల ఒత్తిడితో లాగిన బ్లేడును తట్టుకున్నదని. ఆ తరువాత పి అనే అక్షరం కూడా ఉంటే వేళ్ల కణుపుల మీద దెబ్బను కాచే మెత్త ఉన్నట్లు.

మీ చిక్కు నాలుగో అంకెలో ఉంది. గుచ్చుడు పరీక్షను 4.5 మిల్లీమీటర్ల మందపు, మొన గుండ్రంగా ఉన్న ఉక్కు చువ్వతో చేస్తారు. తెగి పైకి లేచిన తాడు పోగు దానికంటే ఎంతో సన్నం కాబట్టి 3 వచ్చిన గ్లౌజులో నుండి కూడా దిగుతుంది. తాడు పనికి అరచేతిలో రెండు పొరల తోలు ఉన్నవి మేలు. అంతకంటే ముఖ్యంగా, కదులుతున్న తాడును గ్లౌజు ఉందన్న ధైర్యంతో అరచేతిలో జారనివ్వకండి, ఎందుకంటే లేచిన పోగు తోలుకు తగులుకుంటే అది చేతిని కప్పీలోకి లాక్కుపోతుంది. తాడును తనిఖీ చేసేటప్పుడు చేత్తో నిమరకుండా, తాడు ఆగి ఉండగా గుడ్డతో తుడిస్తే పోగు ఉన్న చోట గుడ్డ చిక్కుకుంటుంది. క్రేను స్లింగు (సరుకుకు చుట్టే తాడు) బిగిసే క్షణంలో వేళ్లు దాని కింద ఉండకూడదు, నలుగుడును ఆపగల గ్లౌజు లేదు.

సైజు కూడా చూసుకోండి. బొటనవేలిని వదిలి అరచేతి చుట్టూ టేపు పెడితే వచ్చే అంగుళాలే సైజు: 8 అంగుళాలైతే 8వ నంబరు, 9 అయితే 9. అందరికీ ఒకే సైజు తెప్పిస్తే చిన్న చేతుల వారికి వేళ్ల చివర ఖాళీ మిగిలి, కొక్కేనికి తగులుకునేది అదే. గ్రీజు పీల్చి జారుతున్న తోలు గ్లౌజును మార్పించుకోండి.

ప్రశ్న: నాకు కందుకూరులో వెల్డింగ్ షాపు ఉంది. కోతను తట్టుకునే అల్లిక గ్లౌజులు తేలికగా ఉన్నాయని నా దగ్గర పనిచేసే కుర్రవాళ్లు వాటితోనే వెల్డింగ్ చేస్తున్నారు. పర్వాలేదా?
– ఒక షాపు యజమాని

జవాబు: వెంటనే ఆపించండి. ఆ అల్లికలో చాలావాటిని హెచ్‌పీపీఈ అనే ప్లాస్టిక్ పోగుతో చేస్తారు. అది సుమారు 150 డిగ్రీల లోపే కరుగుతుంది, కరిగినది చర్మానికి అతుక్కుని కాలిన గాయాన్ని లోతు చేస్తుంది. రాడ్డు వెల్డింగుకు ముంజేతి వరకు వచ్చే మందపాటి తోలు గ్లౌజు, టిగ్ అనే సున్నితమైన వెల్డింగ్ పనికి వేళ్లు బాగా ఆడే పలుచని తోలు గ్లౌజు తెప్పించండి. ఈఎన్ 12477 ప్రమాణంలో మొదటి దానిని ఏ రకం, రెండవ దానిని బి రకం అంటారు. తోలు చెమటకు తడిస్తే విద్యుత్తును ఆపలేదు కాబట్టి, మే నెలలో ఒక్కొక్కరికి రెండు జతలు ఇచ్చి, మధ్యాహ్నం మార్చుకోమనండి. తడిసిన జతను నీడలో ఆరబెట్టాలి, కొలిమి పక్కన పెడితే తోలు ముడుచుకుపోయి పెళుసెక్కుతుంది. కరెంటు పని వచ్చినప్పుడు ఈ తోలు గ్లౌజులను నమ్ముకోవద్దు. దానికి వోల్టేజీ తరగతి ముద్రించిన రబ్బరు గ్లౌజులు వేరే ఉన్నాయి. వాటిలో 0 తరగతివి 1000 వోల్టుల వరకు పనికి వస్తాయి, తొడిగే ప్రతిసారీ గ్లౌజు మూతి చుట్టి లోపల గాలిని బంధించి, ఎక్కడా కారడం లేదని చూసుకుని, పైన తోలు తొడుగు వేసుకోవాలి.