నర్సు ఉద్యోగం మానేసి కోడింగ్ నేర్చుకోవాలా?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లోని ఓ కార్పొరేట్ ఆస్పత్రిలో ఎనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సును. నా చేతికి 36 వేలు, మావారికి 34 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 52 వేలు. నాలుగేళ్ల పాప ఉంది. బ్యాంకులో ఎఫ్‌డీ 3 లక్షలు, పీఎఫ్‌లో దాదాపు అంతే ఉన్నాయి. ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో ఇంజినీరుగా చేరాలని ఉంది. అమీర్‌పేటలో ఎనిమిది నెలల కోర్సుకు ఫీజు 2.4 లక్షలట. లోన్ వాళ్లే ఇప్పిస్తామంటున్నారు. ఉద్యోగం మానేసి చేరొచ్చా? పీఎఫ్ తీసేయొచ్చా?

జవాబు: మీ లక్ష్యం మంచిదే, వదలకండి. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానొద్దు.

మీ జీతం ఆగితే ఇంటి ఖర్చుకు నెలకు 18 వేలు తక్కువ పడుతుంది. 2.4 లక్షల లోను 14 శాతం వడ్డీతో రెండేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 11,500. రెండూ కలిపి నెలకు 29,500. మీ ఎఫ్‌డీ పది నెలలకు అయిపోతుంది. కోర్సుకే ఎనిమిది నెలలు పోతే, ఉద్యోగం వెతుక్కోవడానికి మిగిలేది రెండు నెలలు. ఫ్రెషర్లకు ఆ గడువు చాలదు. పైగా ఆ లోను మీ పేరు మీదే ఉంటుంది. కోచింగ్ సెంటర్ మూతపడినా ఈఎంఐ కట్టాల్సింది మీరే.

పీఎఫ్ ముట్టుకోకండి. మీ సర్వీసు ఎనిమిదేళ్లు. పదేళ్లు నిండితే 58 ఏళ్లకు పెన్షన్‌కు అర్హత వస్తుంది. పీఎఫ్‌తో పాటు జమయ్యే పెన్షన్ డబ్బు కూడా ఇప్పుడే తీసేసుకుంటే ఆ ఎనిమిదేళ్లు లెక్కలోంచి పోతాయి. అదే యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే కొనసాగుతాయి. ఐదేళ్లు దాటాయి కాబట్టి ఎప్పుడు మానేసినా గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్, డీఏ కలిపి 20 వేలైతే, దాన్ని 26తో భాగించి 15తో, మళ్లీ ఎనిమిదితో గుణించండి: సుమారు 92 వేలు. ఉద్యోగం మారే నెలల్లో అది ఆదుకుంటుంది, ఫీజుకు పెట్టకండి.

చదువు సంగతికొస్తే, మొదటి ఆరు నెలలకు లక్షలు అక్కర్లేదు. కోడింగ్ భాష పైథాన్, డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ రెండూ ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు. ఆస్పత్రుల మధ్య రోగి వివరాలు పంపుకునే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం కూడా ఉచితంగా చదువుకోవచ్చు. ఆరోగ్య రికార్డుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దాన్నే వాడుతోంది. సాధనకు కల్పిత రోగుల రికార్డులిచ్చే సింథియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మీ వార్డులోని అసలు రోగుల వివరాలు ప్రాజెక్టు కోసం ఎప్పుడూ బయటికి తేకండి. అది నేరుగా వాళ్ల గోప్యతకు సంబంధించిన విషయం.

మందు ఎప్పుడు ఇచ్చారో, డ్యూటీ మారేటప్పుడు ఏ వివరం జారిపోతుందో మీకు తెలిసినంత మామూలు కోడర్‌కు తెలియదు. మీ బలం అదే. అందుకే ముందు మీ ఆస్పత్రి ఐటీ విభాగంలోనే అడగండి. కొత్త రికార్డుల సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు టెస్టింగ్‌కు, సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి నర్సులు కావాలి. అక్కడ రెండేళ్లు చేస్తే రెజ్యూమెలో అనుభవం చేరుతుంది, జీతమూ ఆగదు, పెన్షన్‌కు కావాల్సిన పదేళ్లూ నిండుతాయి. నైట్ డ్యూటీలతో చదవడం కష్టమని తెలుసు. వీలైతే కొన్నాళ్లు డే షిఫ్టులు అడగండి, అలవెన్సు కొంత తగ్గినా ఫర్వాలేదు.

ఇప్పుడు ఇద్దరి జీతాల్లో ఖర్చు పోను మీకు నెలకు 18 వేలు మిగలాలి. అందులో 12 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మిగిలిన దాంట్లోంచి కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా తీసుకోండి. మీరు రాజీనామా చేస్తే ఆస్పత్రి గ్రూప్ పాలసీ ఆగిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీలపై జీఎస్టీ కూడా లేదు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి.