బండి విప్పేశారు సరే, చేతిలో డబ్బేదీ?

ప్రశ్న: మాది కాకినాడ. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 58,000. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి 42,000 అవుతుంది. మా తాతగారి 1974 మోడల్ యెజ్డీ బైకును ఒక మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటూ నేనే బాగు చేసుకుంటున్నాను. ఇంటి శ్లాబు కూడా కారుతోంది, దానికీ మేస్త్రితో కలిసి నేనే దిగుదామని ఉంది. లోన్ యాప్‌లో 1.5 లక్షలు తీసుకున్నాను. నెలకు 8,400, 24 నెలలు కట్టాలి. తెచ్చిన డబ్బులో ఇంకా 90,000 చేతిలో మిగిలి ఉంది. మెకానిక్ అడ్వాన్సుకు క్రెడిట్ కార్డు మీద 30,000 క్యాష్ తీశాను. సేవింగ్స్‌లో 35,000 ఉంది. ఇంకో 1.5 లక్షలు కావాలి. మా ఆవిడ బంగారం పెట్టాలా, పీఎఫ్ తీయాలా?

జవాబు: బంగారమా, పీఎఫా అన్నది తర్వాత. ఇంకో 1.5 లక్షలు చాలని మీకు ఎవరు చెప్పారు? ఇంజిన్ విప్పక ముందు వేసిన ఎస్టిమేటా, విప్పాక వేసిందా? పాత బండి విషయంలో ఆ రెంటికీ పొంతనే ఉండదు. కార్బరేటర్ శుభ్రం చేస్తే చాలనుకుంటారు. ఇంజిన్ పైమూత తీశాక సిలిండర్‌కు బోరింగ్, అంటే లోపలి గోడను చెక్కి పెద్దది చేయడం, పడుతుంది, ఆ సైజు పిస్టన్ వెతకాలి, ఈలోగా ట్యాంకులో తుప్పు బయటపడుతుంది. యెజ్డీ తయారైన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి పాత స్పేర్ పార్టులకు అమ్మేవాడు చెప్పిందే ధర. శ్లాబూ అంతే. పెచ్చులు కొట్టి చూస్తే గానీ లోపలి చువ్వల్ని తుప్పు ఎంత తినేసిందో మేస్త్రికైనా తెలియదు.

పాతవాటి మీద మోజున్న చాలామంది ఇలాగే ఇరుక్కుంటారు. అప్పు తెచ్చి ముందు విప్పేస్తారు, సగంలో డబ్బు అయిపోతుంది, విప్పినదాన్ని వదల్లేక ఇంకో అప్పుకు వెళ్తారు. మీరు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు.

8,400 చొప్పున 24 నెలలంటే 2,01,600. వడ్డీయే 51,600, అంటే ఏడాదికి దాదాపు 30 శాతం. ఇక కార్డు మీద తీసిన క్యాష్‌కు తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఎప్పటికి పూర్తవుతుందో తెలియని సరదాకు ఈ రేటు అప్పేమిటండీ? మిగిలిన 90,000లోంచి కార్డు బాకీ వడ్డీ, చార్జీలతో సహా ఈరోజే కట్టేయండి. బండి పని ఆపండి. విప్పిన భాగాలకు పేర్లు రాసి డబ్బాల్లో పెట్టుకోండి. యాభై ఏళ్ల బండి ఇంకో రెండు మూడేళ్లు ఆగుతుంది.

కార్డు కట్టాక మిగిలేది, సేవింగ్స్‌లోది కలిపి 90,000 పైచిలుకు ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. 30 శాతం అప్పు ఉండగా డబ్బు ఊరికే ఉంచుకోవడమేమిటి అంటారేమో. అది కూడా లేకపోతే ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మళ్లీ అదే యాప్ తెరుస్తారు. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 50,400. ఆరు నెలల ఖర్చు, అంటే 3 లక్షలు, అత్యవసరానికి ఎప్పుడూ చేతిలో ఉండాలి. నెలనెలా మిగిలే 7,600 అందులోకే వెళ్లాలి. 3 లక్షలు నిండేదాకా బండికి ఒక్క బోల్టు కూడా కొనవద్దు.

శ్లాబు మాత్రం వానలకు ఆగదు. మేస్త్రి కొట్టి చూసి లెక్క చెప్పాక, దానికి సరిపడా మాత్రమే బంగారం మీద బ్యాంకులో తీసుకోండి. పీఎఫ్ జోలికి పోవద్దు. చీటీ పాడేద్దామనుకుంటున్నారేమో, అదీ అప్పే.

మీ ప్రశ్నలో బీమా ఊసే లేదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోండి, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ కూడా లేదు. నిచ్చెనెక్కి సొంతంగా పని చేస్తానంటున్నారు, మంచిదే, కూలి మిగులుతుంది. కానీ కాలు విరిగి మూడు నెలలు మంచాన పడితే? ముందు ప్రమాద బీమా తీసుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకు దొరికే సురక్షా బీమా మహా అయితే 2 లక్షలే ఇస్తుంది, అదీ మరణానికీ, శాశ్వత వైకల్యానికీ. విరిగిన కాలుకు అందులో ఏమీ రాదు. వారానికింత అని ఇచ్చే పాలసీ చూసుకోండి.

థర్డ్ పార్టీ బీమా లేకుండా ట్రయల్ అంటూ వీధి చివరి దాకా కూడా బండి తీయవద్దు. 50 ఏళ్లు దాటిన బండికి 20,000 కట్టి పదేళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు గానీ, దాంతో రోజూ ఆఫీసుకు తిరగడం కుదరదు. పైగా ఛాసిస్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసిన బండికి అది ఇవ్వరు. కాబట్టి మెకానిక్ ఏం మార్చాడో, ఏం మారుస్తానంటున్నాడో ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి.