మెట్రో సభల్లో మాట్లాడబోయే అమ్మడికి

అమలాపురం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు విశాఖ మెట్రో పనిలో చేరుతున్నావని, వార్డుల్లో సభలు పెట్టి జనం అడిగే ప్రశ్నలకు సమాధానం చెప్పే బాధ్యత నీకే అప్పగించారని మీ నాన్న చెప్పగానే ఎంతో సంతోషించాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. 2002లో ఢిల్లీలో తొలి మెట్రో రైలు నడిపించిన శ్రీధరన్ గారు చదివిన కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలోనే నువ్వూ చదివావన్న గర్వం నాకుంది. అయితే జనం ముందు నిలబడి మాట్లాడటం ఏ కళాశాలా నేర్పదు కాబట్టి, గోదావరి పాయల మీద వంతెనలు కట్టిస్తూ తల నెరిసినవాడిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

సులువైనవి ముందు చెప్పేస్తాను. సభకు అరగంట ముందే వెళ్లు. నక్షా పెద్దదిగా, తెలుగు అక్షరాలతో అచ్చు వేయించు. భూమి లోపల నుంచి ఎందుకు వేయరని తప్పకుండా అడుగుతారు; అలా వేస్తే కిలోమీటరు ఖర్చు రెండు మూడు రెట్లవుతుందని సూటిగా చెప్పు. గాలివాన సంగతి కూడా అడుగుతారు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను కళ్లారా చూసిన ఊరది. గాలి వేగం హద్దు దాటితే రైళ్లు ఆపేస్తారని చెప్పి ఊరుకోకు, ఆ హద్దు ఎంతో అంకె తెలుసుకుని వెళ్లు. గోడలు బీటలిస్తాయా అనేవారికి, పని మొదలుకాకముందే ఇళ్ల ఫోటోలు తీసి, అప్పటికే ఉన్న బీటలు రాసి, ఒక ప్రతి ఇంటివారి చేతికే ఇచ్చే ఏర్పాటు చేయించు. అద్దె కొట్టువాడు లేచి అడిగితే నీ పని యజమానితోనే అని తోసిపుచ్చకు. మూడేళ్లుగా అక్కడే బతుకుతెరువున్న కుటుంబాన్ని 2013 భూసేకరణ చట్టం కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం నీరు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కోనసీమలో ఒక పాయ మీది వంతెనకు రెండు వైపులా రోడ్డు గట్టు వేయాల్సి వచ్చింది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద సభ పెట్టారు. ఇక పంటు కోసం రేవులో పడిగాపులు పడనక్కర్లేదని మా పై అధికారి చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను పక్కన నక్షా కొస పట్టుకుని నిలబడ్డాను. చివర్లో ఒక ముసలి రైతు లేచి, "బాబూ, ఈ గట్టు పడితే మా చేల మురుగు ఎటు దిగుద్దండీ?" అని అడిగాడు. తూము పెడుతున్నాం, మీకేమీ కాదని అధికారి ఒక్క మాటలో తేల్చేశారు. రైతు వదల్లేదు. తూముకు గుర్తు పెట్టినచోట నేల మెరకగా ఉంటుందని, వాన నీళ్లన్నీ తాడిచెట్ల పక్క పల్లంలోకే చేరతాయని చెప్పాడు. నక్షాలో తాడిచెట్లు లేవు. ఆ మాట మినిట్సు పుస్తకంలోకీ ఎక్కలేదు. ఆ అధికారి చెడ్డవాడు కాడు, లెక్కల్లో దిట్ట. "ఏమీ కాదు" అనడం మాత్రం ఆయనకు ఊతపదమైపోయింది.

గట్టు పూర్తయిన ఏడు, సార్వా కోతకు వచ్చిన వేళ తుపాను పట్టింది. గట్టుకు అటువైపు చేలు రెండు రోజుల్లో తేరుకున్నాయి. ఇటువైపు పడిపోయిన కంకులు నీళ్లలోనే మొలకెత్తాయి. రైతులు గునపాలు తెచ్చి రాత్రికి రాత్రి గట్టుకు గండి కొట్టారు. మర్నాడు వెళ్లి చూస్తే, నీరు ఉరవడిగా పోతున్నది సరిగ్గా తాడిచెట్ల పక్క నుంచే. చివరికి రెండు ఖానాల తూము అక్కడే కట్టాం. డబ్బు రెండుసార్లు ఖర్చయింది సరే, ఆ తర్వాత పక్క ఊళ్లో కొలతలకు వెళితే మా టేపు కొస పట్టుకోవడానికి ఒక్క కుర్రాడూ ముందుకు రాలేదు.

మెట్రోకు గట్టు ఉండదు కదా, స్తంభాల మధ్య నుంచి నీరు పోతుంది కదా అని మీ ఇంజనీర్లు అంటారు. అది సగం నిజమే. కొండల మీద పడిన వాన గెడ్డల గుండా సముద్రంలోకి దిగే ఊరు విశాఖ. స్తంభాలకు పునాది తవ్వేటప్పుడు మురుగు కాలువలను ఎటు మళ్లిస్తారు? స్తంభాల కింద లోతుగా దింపే పునాది దిమ్మెలు, అదే పైళ్లు, వేసేచోట గోతి గోడలు కూలకుండా పోసే బెంటొనైట్ బురదను, పని అయ్యాక ఎక్కడికి తోలుతారు? దాన్ని దగ్గర్లోని కాలువలోకి వదిలేస్తే అడుగున పేరుకుని, తొలి వానకే పక్క వీధి మునుగుతుంది. పైవంతెన మీద పడిన వాన స్తంభాల వెంట గొట్టాల్లో కిందికి దిగుతుంది; ఆ నీరంతా ఏ కాలువలో కలుస్తుంది, ఆ కాలువ ఎంత వెడల్పు? ఈ ప్రశ్నలు జనం నిన్ను అడగకముందే నువ్వు మీవాళ్లను అడగాలి.

ఎదుటివారు మాట పూర్తి చేయకముందే జవాబు అందించే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. మీ నాన్నమ్మ ముద్దు చేసి చెడగొట్టింది. సభలో అది పనికిరాదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, ఏ తేదీకల్లా చెబుతావో అడిగినవారి ముందే రాయి. అంతా ఖరారైపోయిందని అనకు. హైదరాబాదులో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా అనుకున్న మార్గం, పాతబస్తీ అభ్యంతరాలు తెగక, 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకే తెరుచుకుంది. పైనుంచి ఏదైనా మీద పడుతుందేమోనని అడిగే తల్లిని చూసి నవ్వకు. 2009 జులైలో ఢిల్లీ జమ్రుద్‌పూర్‌లో కడుతున్న వంతెన కూలి కార్మికులు చనిపోయినప్పుడు, శ్రీధరన్ గారంతటివారు బాధ్యత వహిస్తూ రాజీనామా ఇచ్చారు. దాన్ని ఆమోదించకపోవడం వేరే సంగతి. నువ్వు కూడా పని జరిగేచోటికి హెల్మెట్ లేకుండా వెళ్లావని తెలిస్తే, పెళ్లీడు పిల్లవని కూడా చూడకుండా తిడతాను. రాత్రిపూట క్రేన్ కింద నుంచి నడవకు, అమ్మా. గొంతు ఎండిపోయేదాకా మాట్లాడకు, మంచినీళ్ల సీసా దగ్గర పెట్టుకో.

తొలి సభ ఏ వార్డులో పెట్టినా, అక్కడ జనానికి చూపించే నక్షా ప్రతి ఒకటి నాకు ముందుగా పంపించు. స్తంభాల వరుస పక్కన మురుగు కాలువలూ గెడ్డలూ గీశారో లేదో చూసి, లేనిచోట ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి వెంటనే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న